నెగడు పక్కన చోటు

"అక్కడ కాదు, లే!"

మారిసెల్ ఉలిక్కిపడి లేచింది. తడి రబ్బరు దుస్తుల్లో ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అది మల్‌సున్ పెద్దమ్మ చోటు. నీది అదిగో, గుమ్మం దగ్గర," అంది జట్టు పెద్ద ఓక్‌హీ.

కొరియాలోని జెజు దీవిలో ఆ ఊరి ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, తినే గుల్లలు ఏరి తూకానికి అమ్ముతారు. ఒడ్డుకొచ్చాక రాతిగోడల పాకలో నెగడు చుట్టూ కూర్చునే వరసలోనే ఎవరి విలువ ఎంతో తెలిసిపోతుంది. బరువైన వల తెచ్చిన మనిషికి పొగ రాని చోటు. తేలికైన వల తెచ్చిన మనిషికి గుమ్మం.

ఫిలిప్పీన్స్ నుంచి కోడలుగా వచ్చిన మారిసెల్‌కి ఆ గుమ్మమైనా దయతలిచి ఇచ్చిందే. వసంతం వచ్చేలోగా నిలదొక్కుకోకపోతే జట్టులోంచి పంపేస్తామని ముందే చెప్పారు.

మల్‌సున్ వచ్చింది. డెబ్బై దాటిన బక్కపల్చని మనిషి. పొగ రాని చోట కూర్చుని, చేతులు మంటకి చాపి, తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

"ఏమ్మాయ్, ఇవాళ మళ్ళీ లోతుకి పోయావు. ఊపిరి మిగిలుండగానే పైకి రమ్మన్నానా లేదా? గుల్ల ఎక్కడికీ పోదే, నువ్వే పోతావు!"

అందరూ గొల్లున నవ్వారు.

'లోతు సరుకంతా నీకే కావాలి కాబోలు,' అనుకుంది మారిసెల్. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి పోతే అక్కడా మల్‌సున్ భజనే. అత్తగారు మోకాళ్ళు పాడై సముద్రం మానేసింది గానీ, సముద్రం కబుర్లు మానలేదు.

"ఈ వయసులోనూ ఆ ఊపిరేమిటో! ఊళ్ళో అలాంటిది ఇంకొకతి పుట్టలేదు."

కొత్త కిమ్చీ పచ్చడి పెడితే మొదటి గిన్నె మల్‌సున్‌కే. పట్టుకెళ్ళి ఇచ్చి రావలసింది మారిసెల్. అదే మారిసెల్ పొయ్యి దగ్గర నిలబడి పులుసు కాస్తే, అత్తగారు చెంచాడు నోట్లో పోసుకుని, "ఊఁ, తినొచ్చు," అని ఊరుకునేది. 'తినొచ్చు' అన్న మాట తిని ఎవరి కడుపైనా నిండుతుందా?

మారిసెల్ పంతం పట్టింది. మునగడం, ఏరడం, పైకొచ్చి, నీళ్ళ మీద తేలే బెండు కింద వేలాడే వలలో పడేసి మళ్ళీ మునగడం. ఎన్ని పడేసిందో ఆమెకే గుర్తుండేది కాదు, ఊపిరి అందితే చాలనిపించేది.

వల బరువెక్కసాగింది.

'పుట్టింది సముద్రం ఒడ్డునేగా, రక్తం ఊరుకుంటుందా!' అనుకుని మురిసిపోయింది.

అదే చలికాలంలో మల్‌సున్ తూకం తగ్గుతూ వచ్చింది. పెద్దతనం అన్నారు ఊళ్ళోవాళ్ళు. మారిసెల్ మాత్రం ప్రతి తూకానికీ ముందు ముసలావిడ వల వైపే చూసేది. అది ఎంత చిక్కితే ఈమెకి అంత నిద్ర పట్టేది.

వసంతం వచ్చింది. "నీ చోటు ఖాయం," అంది ఓక్‌హీ.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఏ చోటు ఖాయం, అక్కా? గుమ్మమా?" అంది మారిసెల్. "బరువైన వలకి పొగ రాని చోటు అన్నారుగా. నా వల పెద్దమ్మ వల కంటే బరువు. పెద్దవాళ్ళ కోసమని ఒడ్డు దగ్గర లోతులేని నీళ్ళు వదిలిపెట్టారు కదా, పెద్దమ్మ అక్కడికి పోవచ్చుగా!"



"ఏయ్, నోటికెంతొస్తే అంతేనా? అసలు నీకు..." ఓక్‌హీ మొహం ఎర్రబడింది.

మల్‌సున్ చెయ్యెత్తి ఆపింది.

"పిల్ల సరిగ్గానే అంది. వరస వలని బట్టే. జరగండి, జరగండి, దాన్ని కూర్చోనివ్వండి. వణికిపోతోంది."

మారిసెల్ కూర్చుంది. వెచ్చదనం మోకాళ్ళ దాకా పాకింది. ఇన్నాళ్ళ కడుపుమంట చల్లారింది.

కొద్ది రోజులకే మల్‌సున్ సముద్రం లేని ఊరికి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. సాగనంపడానికి జట్టంతా వెళ్ళి కళ్ళు వాచేలా ఏడ్చింది. తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయిన మారిసెల్, ఆ వాచిన కళ్ళు చూసి మళ్ళీ కుళ్ళుకుంది. తను వెళ్ళిపోతే ఇలా ఎవరు ఏడుస్తారు?

ఆ తరవాతి తూకంలో ఆమె వల తేలిపోయింది.

అలలు ఎక్కువ అనుకుంది. మర్నాడు అలలూ లేవు, గుల్లలూ లేవు. పట్టుదలకి పోయి ఇంకా లోతుకి దిగింది. ముక్కులోంచి రక్తం కారుతూ పైకొచ్చింది. వలలో అడుగున నాలుగు గుల్లలు.

నెగడు దగ్గర ఎవరూ ఆమెని లేవమనలేదు. కసరలేదు కూడా.

ఇంటికొచ్చి అత్తగారి ముందు భోరుమంది.

"ఆ ముసలిదాని ఉసురు తగిలింది, అత్తయ్యా! నేను పైకొస్తుంటే ఓర్వలేకపోయింది. పోతూ పోతూ నా చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది!"

అత్తగారు తడిగుడ్డతో కోడలి మొహం తుడిచింది.

"ఆ రోజు నెగడు దగ్గర నేనుంటే నీ నోరు మూసేదాన్ని," అంది. "కొత్తగా దిగిన పిల్ల వల తేలిగ్గా ఉంటే, ఆ పిల్ల నీళ్ళ కింద ఉన్నప్పుడు, చెయ్యి తిరిగినవాళ్ళు తమ గుల్లలు తీసి అందులో వేస్తారు. ఈ ఊళ్ళో అది మామూలే. పుచ్చుకున్నవాళ్ళు చిన్నబోతారని వేసినవాళ్ళూ చెప్పరు, చూసినవాళ్ళూ చెప్పరు."

"నా వలలో ఎవరు వేశారు?"

"నన్నెందుకే అడుగుతావు? చలికాలమంతా ఎవరి వల చిక్కిపోతూ వచ్చిందో, కళ్ళారా చూసి సంతోషపడింది నువ్వేగా."