మూడో పిలుపు

ఆ పొద్దున ధరూరు మీద మబ్బు కమ్మింది గానీ చినుకు రాలలేదు. చీకటి పడ్డా ఉక్క తగ్గలేదు.

భూముల ఆఫీసులో తిమ్మప్ప కంప్యూటర్ ఆపబోతుంటే తెర మీదికి కొత్త ఉత్తర్వు వచ్చింది. తిమ్మప్పకున్న ఒక్క వేరుశనగ చేను ఎవరో తెలియని మనిషి పేరున మారింది. కింద తహసీల్దారు కిష్టప్ప సారు డిజిటల్ సంతకం, ఇవాళ్టి తారీఖు. పక్కన సంతకం సరైనదేనని పచ్చటి టిక్కు.

కిష్టప్ప సారు పోయి నెల దాటింది. సంతకం పెట్టే ఆ చిన్న పరికరాన్ని ఆయన చితిలోనే వేశారు. తిమ్మప్ప కళ్లారా చూశాడు.

గద్వాలలోని ప్రోగ్రామర్ జగదీశ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"సారు సంతకం రద్దు చేసినం గదన్నా. గా రద్దయిన లిస్టును మన సాఫ్ట్‌వేర్ చూడదు. ముద్ర కుదిరితె సాలు, నిజమే అంటది."

"నీ మిషన్ కన్న మా ఇంటామె నయంరా! రాత్రి మూడుసార్లు పిలిస్తెనే పలుకుతది. దయ్యం మూడోసారి పిలవదంట. మరి గీ సంతకం ఎవలు పెట్టిండ్రు?"

"గదే తెల్వదన్నా."

ఇంటికొచ్చి భార్య జములమ్మకు అంతా చెప్పాడు. ఆమె జొన్నరొట్టె, పుంటికూర వడ్డించి తానూ కూర్చుంది.

"తిమ్మప్పా!"

వాకిట్లోంచి కిష్టప్ప సారు గొంతు. తిమ్మప్ప నోరు తెరవబోయాడు. జములమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తిమ్మప్పా!"

ఇద్దరూ రొట్టె తుంచుకుని తింటూ తలుపు వైపే చెవులు పెట్టారు. మూడో పిలుపు రావాలని కోరుకోవాలో, రాకూడదని కోరుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.