బ్లేడు మందం

“సరిగ్గా మధ్యకి కోసెయ్యండి మేస్త్రీ గారూ. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను” అంది అక్క.

“కిటికీ వైపు ముక్క నాదని ఆవిడకి చెప్పండి మేస్త్రీ గారూ” అంది చెల్లెలు.

ఆ ‘ఆవిడ’ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. అయినా పొద్దుట్నుంచీ అక్కాచెల్లెళ్ల మాటలన్నీ వడ్రంగి మీదుగానే నడుస్తున్నాయి. పాపం, ఆయన వచ్చింది కోత పనికి, ఇరుక్కున్నది రాయబారంలో.

కొయ్యాల్సింది వాళ్లిద్దరి కుట్టు కొట్లో బట్టలు కత్తిరించే బల్ల. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. ఎక్కడా అతుకు లేదు. బట్ట రాపిడికి అంచులు నున్నబడ్డాయి. చెల్లెలి కుట్టు వంకరని అక్క ఎవరితోనో అందట. అంతే, కొట్టు రెండు కావాల్సిందే, ముందు బల్ల రెండు కావాల్సిందే.

“బంగారం లాంటి చెక్క తల్లీ. ఇలాంటిది మళ్లీ దొరకదు” అన్నాడు వడ్రంగి, బల్లని అరచేత్తో తట్టి.

“వంకర కుట్టు వాళ్లకి సగం బల్ల చాలు లెండి” అంది చెల్లెలు. అక్క మూతి తిప్పుకుంది.

ఇంక చెప్పి లాభం లేదని వడ్రంగి కొత్త రంపం బయటికి తీశాడు. అదంటే ఆయనకి మహా మురిపెం.

“వైరు లేదు, ప్లగ్గు లేదు. కరెంటు పోయినా బెంగ లేదు. రంపంలో ఒక బ్యాటరీ, గుమ్మం దగ్గర సంచీలో ఇంకోటి. రెండూ ఫుల్ ఛార్జింగ్!” అని మీట నొక్కాడు. రంపం గుయ్యిమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

అక్క సుద్దతో బల్ల మీద గీత గీసింది. చెల్లెలు టేపు పెట్టి కొలిచింది. పేచీ రాలేదు. నోరు ఊరుకోక వడ్రంగే తెచ్చిపెట్టాడు.

“గీతకి ఏ పక్కన కొయ్యమంటారు? బ్లేడు మందం చెక్క పొట్టయిపోతుంది కదా. అది ఎవరో ఒకరి వాటాలోంచి పోవాలి.”

“నా వాటాలోంచి పోవడానికి వీల్లేదని చెప్పండి!”

“నా వాటాలోంచి ఎందుకు పోవాలో అడగండి!”

“గీత మీదే కోస్తానమ్మా, చెరి సగం పోతుంది! సరేనా?” అని దణ్ణం పెట్టి, స్కూటర్‌కి కట్టిన పట్టా తేవడానికి మెట్లు దిగాడు. అంతలో ఫోనొస్తే అక్క వరండాలోకి వెళ్లింది.

వడ్రంగి తిరిగొచ్చి పొడవాటి అల్యూమినియం పట్టాని గీత పక్కన పరిచాడు. రంపం దాని మీద, పట్టాల మీద రైలులా, అటూ ఇటూ జరక్కుండా పోతుంది. చెయ్యి వణికినా కోత వంకరపోదు. రంపం పెట్టి మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. తిప్పి చూస్తే బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ.

“ఇందాక ఉందే!” బల్ల కింద వంగి చూశాడు, జేబులు తడుముకున్నాడు. “తీసి ఎక్కడన్నా పెట్టానా ఏంటి నా మతి మండ! పోనీ, సంచీలో ఇంకోటుంది.”

“ఉండండి, నే తెస్తా” అని, ఫోను ముగించుకుని అప్పుడే లోపలికొచ్చిన అక్క వెళ్లి సంచీ అంతా కెలికింది. “ఇందులో సుత్తీ మేకులూ తప్ప ఏం లేవు.”

“పొద్దున్నే పెట్టాను తల్లీ!”

“బ్యాటరీ లేకుండా రంపం తెచ్చిన మేస్త్రీని ఇక్కడే చూశానమ్మా!” అంది అక్క.

“కత్తెర లేకుండా మనం కొట్టు తెరిస్తే ఊరుకుంటారా జనం?” అంది చెల్లెలు.

పొద్దుట్నుంచీ కలవని ఇద్దరూ తనని తిట్టడానికి మాత్రం కలిశారు. వడ్రంగి మొహం మాడిపోయింది.

అంతలో హోటల్ మనిషి కర్టెన్ల గుడ్డ తాను భుజాన వేసుకొచ్చి, ఎల్లుండికల్లా కుట్టివ్వాలని చెప్పి పోయాడు.

“మీ పట్టా అడ్డం తియ్యండి మేస్త్రీ గారూ” అంది అక్క. తాను విప్పి ఈ చివర నుంచి దొర్లించింది. చెల్లెలు ఆ చివర అందుకుంది. బల్ల నిండా గుడ్డ పరుచుకుంది. సుద్ద గీత కనబడకుండా పోయింది.

“లాగకే, బిగుసుకుపోతోంది.”

“నేనెక్కడ లాగుతున్నానక్కా, నువ్వే వదలట్లేదు.”

వడ్రంగిని పట్టించుకునే నాథుడే లేడు. “మరి బల్ల సంగతి?” అని గొణిగాడు. “చూద్దాం లెండి” అన్నారు, తలెత్తకుండానే. సామానంతా సర్దుకుని, తనని తానే తిట్టుకుంటూ మెట్లు దిగాడు. ఈ మతిమరుపు సంగతి ఇంట్లో ఆవిడకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

పట్టాని స్కూటర్‌కి కడుతుంటే వెనక చెప్పుల చప్పుడు. అక్క. గుడ్డపీలికలో చుట్టిన బరువైనదేదో ఆయన చేతిలో పెట్టింది. విప్పితే బ్యాటరీ!

“ఏమీ అనుకోకండి. ఆ బల్ల తెగితే అది ఇంక నా గుమ్మం తొక్కదు. మహా మొండిది” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “దానికి మాత్రం తెలియనివ్వకండి. నేనే తగ్గానని నెత్తికెక్కి కూర్చుంటుంది.”

వడ్రంగికి కోపం రాబోయి ఆగిపోయింది. “సరే గానీ, రంపంలోది కూడా ఇచ్చెయ్యండమ్మా.”

“రంపంలోదా? ఒట్టు, నేను తీసింది సంచీలోది ఒక్కటే!”

ఆవిడ గబగబా పైకి వెళ్లిపోయింది. అయితే నిజంగానే మతి పోయిందన్నమాట అనుకుంటూ వడ్రంగి స్కూటర్ స్టార్ట్ చేశాడు.

“ఆగండాగండి!” చెల్లెలు రొప్పుకుంటూ మెట్లు దిగొచ్చింది. ఒకసారి పైకి చూసి, కొంగు చాటు నుంచి రెండో బ్యాటరీ తీసి ఆయన చేతిలో పెట్టింది. “మా అక్కకి చెప్పనని ఒట్టెయ్యండి మేస్త్రీ గారూ.”