సగం సంజీవని

ఇప్పుడు ప్రతి వీడియో గేములోనూ మన జోడీ మనకు తెలిసిన మనిషే. ఆ మనిషి ఆడిన తీరు చూసి, గొంతు విని యంత్రం అచ్చం అలాగే ఆడటం, మాట్లాడటం నేర్చుకుంటుంది. ‘కోట’ అనే ఆట మొదటి భాగంలో నా జోడీ యేసురత్నం. హాస్టల్లో ఒకే గదిలో పెరిగాం. వాడు చనిపోయి రెండేళ్లయింది.

రెండో భాగాన్ని పరీక్షించే పని కంపెనీ నాకే ఇచ్చింది. కొత్తదే మేలని నేనంటే పాతది తీసేస్తారు.

పాత ఆటలో సంజీవని సీసా దొరికితే యేసురత్నం సగమే తాగేవాడు. హాస్టల్లో ఆదివారం గుడ్డు కూడా అలాగే పంచేవాడు. ఆ సగం సగంతో ఇద్దరం కోట గుమ్మంలోనే చచ్చేవాళ్లం. “ఏం కాదులే మామా, మళ్లీ పోదాం పా!” అనేవాడు.

కొత్త ఆటలో సీసా మొత్తం తానే తాగేశాడు. ఒక్కడికైనా పూర్తి బలముంటేనే కోట దక్కుతుంది; లెక్క ప్రకారం అదే సరైనది. మొదటిసారి కోట గెలిచాం. “గెలిచాం మామా!” అని అదే గొంతు అరిచింది.

“ఏది మేలన్నా?” అని మా టీమ్ లీడర్ మంజూష ఫోన్ చేసింది.

అబద్ధం చెప్పలేకపోయాను. “రెండోదేనమ్మా. ఇందులో ఓడిపోం.”

పాతది ఆపేలోగా ఒక్కసారి తెరిచాను. గుమ్మంలో వాడు సగం తాగి సీసా నా వైపు చాచాడు.

“ఈసారి మొత్తం నువ్వే తాగరా,” అన్నాను.

“పోరా! సగం నీది.”

తెర ఆరిపోయేదాకా చెయ్యి చాచే ఉంచాడు.