కావేరి గొంతు

"నాది కాకి గొంతా, మాస్టారూ?"

రేపల్లెలో చర్చి పక్కింటి వరండాలో కూర్చున్న యోబు మాస్టారు తలెత్తి చూశారు. గుమ్మంలో నలభై దాటిన ఆవిడ నిలబడి ఉంది. ఎవరో వెంటనే పోల్చుకోలేకపోయారు. లోపలినుంచి ఆయన భార్య మార్తమ్మ తొంగి చూసింది.

"నేను కావేరినండి. వెనక వీధి పున్నయ్యగారి అమ్మాయిని."

మాస్టారి ముఖం విప్పారింది. "మా కావేరివా! కూర్చో తల్లీ."

"కూర్చోడానికి రాలేదండి. నిన్న బాపట్లలో, మా స్కూల్లో ఒక టీచరు రిటైరయ్యారు. నన్నో పాట పాడమన్నారు. నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. మీరన్న మాటే చెవుల్లో మోగింది. ఈ వయసులో కూడా!"

ఆయన పక్కనున్న కుర్చీ ఆమె వైపు జరిపారు.

"మాది గుడికెళ్లే ఇల్లు. అయినా మీ చర్చి క్వయర్ పాటలు విని ఉండలేక నేనే పరిగెత్తుకొచ్చాను. శనివారం శనివారం హార్మోనియం పక్కన నిలబెట్టి నేర్పారు. ఊపిరెక్కడ తీసుకోవాలో కూడా మీరే చెప్పారు. క్రిస్మస్‌కి మొదటి చరణం నాదేనన్నారు. అమ్మ చాటుగా తెల్ల గౌను కుట్టించింది. తీరా ముందురోజు, అందరి ముందూ, 'కాకి గొంతు నీది, ఇంక రావద్దు' అన్నారు! పిల్లలంతా పగలబడి నవ్వారు. నా చరణం నా పక్కన పాడే శ్రీజ చేత పాడించారు. పదేళ్ల పిల్లని అనాల్సిన మాటేనా అది?"

"అది కాదమ్మా, అసలు ఏం జరిగిందంటే..."

"ఇప్పుడేం చెప్తారండీ? ఆ రోజు నా కన్నీళ్లు తుడిచింది మా నాన్న ఒక్కడే. 'వాళ్లకి నీ విలువేం తెలుసమ్మా' అని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పోయినేడే కన్నుమూశాడు. ఆ ఒక్క మాట తలుచుకునే ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. ఆయనకీ మీకూ ఎంత తేడా!"

మాస్టారు చేతులు జోడించారు.

"తప్పు నాదేనమ్మా. నీది బంగారంలాంటి గొంతు. నేనే సరిగ్గా వినలేదు. హాయిగా పాడుకో."

కావేరి కొంగుతో కళ్లొత్తుకుని విసవిసా మెట్లు దిగింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే మార్తమ్మ కోపంగా వరండాలోకి వచ్చింది.

"అన్ని మాటలు పడి ఊరుకున్నారేంటండీ? ఇప్పటికైనా ఉన్నది చెప్పొద్దా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. మార్తమ్మ ఊరుకోలేదు.

"ఆ పిల్ల చేత మళ్లీ పాడిస్తే చర్చి తగలబెడతానన్నది ఆ నాన్నే కదా!"