పాత జీపుకు కొత్త దీపాలు

“సేటూ, నా మాటినుండ్రి. గీ దీపాలు తీసెయ్యద్దు,” అంటూ డ్రైవరు ఇస్తారి జీపు ముందు అడ్డంగా నిలబడ్డాడు.

మెకానిక్ బుచ్చిరాములు పానా చేత పట్టుకుని ఇద్దరి మొహాలూ చూశాడు. నిర్మల్ బజారు వెనక అతని రేకుల షెడ్డు. చొప్పదండి చీరల వ్యాపారి అంబదాస్ సేటు బోథ్ వారపు అంగడికి సరుకు వేసుకుని పోతూ, పొద్దు వాలే వేళకు బండిని నేరుగా ఇక్కడికే పట్టించాడు. లారీకి పెట్టే పెద్ద దీపాల జత ఒకటి అప్పటికే బల్ల మీద సిద్ధంగా ఉంది.

సేటు లెక్క సూటిగా ఉంది. ఆ జీపు యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్ముకున్నది. దాని గుడ్డి దీపాలతో చీకట్లో ఘాటు కొండదారి ఎక్కలేమని ఇస్తారి ప్రతి వారం నిర్మల్‌లోనే మజిలీ వేయిస్తాడు. తెల్లారి ఘాటెక్కి బోథ్ చేరేసరికి ఆర్మూరు వర్తకులు అంగడి మొదటి వరసంతా పరుచుకుని కూర్చుంటారు. ఆడవాళ్లు ముందు కంటబడ్డ చీరకే మనసు ఇచ్చేస్తారు. వెనక వరసవాడు మూట విప్పిందెంతో మళ్లీ కట్టుకునేదీ అంతే. వెలుగు బాగుంటే రాత్రికే బోథ్ చేరి చోటు పట్టవచ్చు.

ఇస్తారి లెక్క వేరు. అది బయటికి చెప్పుకునేది కాదు. కొంతకాలంగా అతనికి రేచీకటి. పగలు కనుచూపు మేర ఉన్న గేదె కొమ్ములు కూడా చూడగలడు. పొద్దు గూకితే కళ్లకు గొంగడి కప్పినట్టే. గుడ్డి దీపాలు ఉన్నన్నాళ్లూ తప్పు వాటి ఖాతాలో పడుతోంది. అవి పోతే తన ఖాతాలోకి వస్తుంది. కళ్లు లేని డ్రైవరును ఏ సేటు ఉంచుకుంటాడు? ఇంటి దగ్గర నాగవ్వ, పిల్లలు, అందరి తిండీ ఈ స్టీరింగు మీదే.

అందుకని పాత దీపాల గొప్ప ఎత్తుకున్నాడు. ఒక్క మర విప్పితే దీపం వెనక్కి తిరిగి ఇంజను మీదికి వెలుగు పోస్తుంది, లారీ దీపానికి ఆ గుణం ఎక్కడిదన్నాడు. కొండగట్టు కింద జోరువానలో బండి మొరాయించిన రాత్రి, ఆ వెలుగులోనే కదా తాను బాగుచేసిందని గుర్తుచేశాడు. తన కళ్లు బాగున్న రోజులవి.

సేటు మొహం మెత్తబడింది. “యాదికుంది. ఉన్నది ఒక్క గొడుగు. అది ఇంజనుకు వట్టి మనిద్దరం నానినం. ఇంజను మంచిగనే ఉండె, మనకే సర్ది వట్టింది.”

ఇస్తారికి ఆశ పుట్టింది. మల్లక్క పూటకూళ్ల ఇంటి మాట కూడా కదిపాడు. నిర్మల్‌లో ఆగిన ప్రతి రాత్రీ ఆమె పొయ్యి ముందు కూర్చుని వేడి జొన్నరొట్టెలు తినేవారు. తిన్నాక అరుగు మీద సేటు తన భీవండి రోజులు చెప్పేవాడు. అక్కడ మరమగ్గాల చప్పుడులో పడుకోవడం అలవాటై, ఊరికి వచ్చిన కొత్తలో చప్పుడు లేక నిద్రే పట్టలేదట. ఆ అరుగు మీద యజమాని ఎవరో, జీతగాడు ఎవరో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

“దీపాలు మారిస్తే గా రొట్టెలు బందయితయి సేటూ. మళ్ల మీరే రంది వెట్టుకుంటరు.”

“రొట్టెల కోసం అంగడి ఇడిసిపెడ్తమా?” అని సేటు నవ్వి బుచ్చిరాములుకు సైగ చేశాడు.

పాత దీపాలు ఊడివచ్చాయి. ఇస్తారి వాటిని గోనెపట్టా మీద పెట్టి తువ్వాలతో తుడిచాడు. ఆ పసుపు వెలుగును ఊరి బయటే గుర్తుపట్టి, చీరల సేటు వచ్చిండని పల్లెలు పల్లెలే లేచి కూర్చున్న కాలం ఉండేది. ఇప్పుడవి రెండు ఇత్తడి గిన్నెల్లా బోర్లా పడి ఉన్నాయి.

బుచ్చిరాములు మీట నొక్కాడు. ఎదుటి గోడ అప్పుడే సున్నం వేసినట్టు తెల్లబడింది. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకున్నారు. ఇస్తారికి ఆ గోడ కనబడింది. గోడ పక్కన ఏముందో కనబడలేదు.

బండి బయలుదేరింది. బజారు పొడవునా దుకాణాల పెట్రోమాక్సు లైట్లు దారి చూపాయి. ఊరి చివరి ఇల్లు దాటగానే అవి అయిపోయాయి. ముందు దీపాలు వెలుగు పోస్తూనే ఉన్నాయి గాని, అతనికి అది ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. బాట ఎక్కడ తెగుతుందో, లోయ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఇలాగే పోతే ఉద్యోగం దక్కవచ్చు. పక్కన కూర్చున్న మనిషి దక్కకపోవచ్చు. ఆ బేరం ఇస్తారికి గిట్టలేదు. బండి ఆపాడు.

“తప్పు దీపాలది గాదు సేటూ. నాకు రేచీకటి. ఇన్నొద్దులు దాచిన. వేరే డ్రైవర్‌ను చూసుకోండ్రి.”

సేటు కిందికి దిగి, ఆ తెల్లటి వెలుగుకు అడ్డంగా నడిచి ఇటువైపు వచ్చి నిలబడ్డాడు. తన లెక్క తేలిపోయిందనుకుని ఇస్తారి తువ్వాల భుజాన వేసుకుని కాలు కింద పెట్టబోయాడు.

“దిగుడెందుకు, అటు జరుగు,” అన్నాడు సేటు స్టీరింగు మీద చెయ్యి వేస్తూ. “నీ కండ్ల సంగతి నాకెప్పుడో ఎరుక. మల్లక్క ఇంట్ల నువ్వు పండుకున్న రాత్రులన్ని బుచ్చిరాములు దగ్గర బండి నేర్చుకున్న, గీ దీపాలు పెట్టిచ్చుకున్నది నా కోసం.”