ఎత్తెక్కని కారు

ఎర్ర కారు మళ్లీ సగం ఎత్తులోనే ఆయాసపడి ఆగిపోయింది.

వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"ఉండవయ్యా! నువ్వు హారన్ కొడితే ఇది ఎక్కుతుందా?" మెకానిక్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

అరవడం అతనికి కొత్త కాదు. పేటంతా అతన్ని చిటపట అనే పిలుస్తుంది, చాటుగా.

కారుని మెల్లగా వెనక్కి దింపుకుని, షెడ్డుకి తెచ్చి, తలుపు ధడాలున వేశాడు.

వారం రోజులుగా ఇదే తంతు. ప్లగ్గులు మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. టైమింగ్ మూడుసార్లు సరిచూశాడు. బానెట్ ఎత్తి కేబుల్ చేత్తో లాగితే ఇంజన్ సింహంలా గర్జిస్తుంది. రోడ్డెక్కి కాలితో తొక్కితే పిల్లిలా మూలుగుతుంది. ముప్ఫై ఐదేళ్ల పాత బండి, నలుగురు కూర్చుంటే మోకాళ్లు రాసుకునేంత బండి, తనని వెక్కిరిస్తోందని అతని ఉక్రోషం.

కారు నర్సమ్మది. రెండు నెలల కిందట ఎవరి దగ్గరో కొని కొత్త రంగు వేయించుకుంది. కొన్ననాటి నుంచీ ఇదే జబ్బు. ఆమె పనిచేసే ఆసుపత్రేమో ఆ ఎత్తు మీదే ఉంది.

"ఇవాళ సాయంత్రానికి ఎక్కకపోతే తుక్కుకి వేసేస్తాను మెకానిక్ గారూ. మిమ్మల్ని నమ్మి వారం ఆగాను," అని పొద్దున్నే చెప్పి వెళ్లింది.

ఇరవై ఏళ్లలో అతని షెడ్డు నుంచి ఒక్క బండీ తుక్కుకి పోలేదు.

ఫోన్ మోగింది. భార్య. ఆమె స్కూలు వ్యాను నడుపుతుంది.

"ఏవండీ, అన్నం తిన్నారా?"

"ఇక్కడ పరువు పోతుంటే అన్నం గొడవేంటే!"

"మా మాస్టారైతే ఇలా అరిచేవారు కాదు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండుతుంది. పదకొండేళ్ల కిందట జాకీ జారి అతని చెయ్యి విరిగినప్పుడు, ఇల్లు గడవడానికి ఆమె డ్రైవింగ్ నేర్చుకుంటానంది. కట్టు కట్టిన చేత్తో పక్కన కూర్చుని మొదట నేర్పబోయింది అతనే. రెండో రోజుకి ఆమె ఏడ్చేసింది, అతను నావల్ల కాదన్నాడు. తర్వాత ఎవరో మాస్టారు నేర్పాడు. తాను మొహం కూడా చూడని ఆ మనిషితో అప్పటి నుంచీ పోలికే.

"బాబూ, ఈ కారు ఎత్తెక్కడం లేదా?"

గుమ్మంలో ఒక ముసలాయన. చేతిలో బట్టల సంచి, కాళ్లకి అరిగిపోయిన చెప్పులు, చూపంతా కారు నంబరు మీద.

"చూస్తున్నారుగా."

"ఒక్కసారి సీట్లో కూర్చోనిస్తావా? రెండింటి బస్సుకి ఊరు వదిలి వెళ్తున్నాను. మళ్లీ రాను."

"కూర్చోడానికి ఇదేమన్నా పార్కా?"

"లోపం ఇంజన్లో లేదు బాబూ."

మెకానిక్ స్పానర్ పట్టుకునే లేచాడు. "మీరు మెకానిక్కా?"

"కాదు. జన్మలో బానెట్ ఎత్తలేదు."

"అయితే నోరు కూడా ఎత్తకండి!"

"అది కాదు, నేనే... కాలి దగ్గర..."

"పెద్దాయనా! వారం రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. దారినపోయే ప్రతివాడూ చెప్పేవాడే. బస్సు పోతుంది, దయచెయ్యండి!"

ముసలాయన కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"కోపం తగ్గాక కాలి కింద చూడు," అని మెత్తగా చెప్పి వెళ్లిపోయాడు.

కోపం తగ్గడానికి గంటన్నర పట్టింది. క్యారేజీ ఖాళీ చేశాక, చూస్తే పోయేదేముందని సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. పెడల్ రబ్బరు పట్టాకి తగిలి ఆగింది. అదే కారు అడుగు అనుకున్నాడు ఇన్నాళ్లూ. వంగి పట్టా పీకాడు.

కింద రెండు మరలతో బిగించిన చెక్క ముక్క. రెండు అగ్గిపెట్టెల మందం ఉంటుంది. అది అడ్డుపడి కేబుల్ సగమే లాగుతోంది.

"నా బుద్ధి తగలెయ్య!"

మరలు విప్పాడు. కారు ఒక్క ఊపున ఎత్తెక్కింది. అక్కణ్నుంచి నేరుగా బస్టాండుకి పోనిచ్చాడు.

"రెండింటి బస్సా? ఆ టైముకి నాలుగు బస్సులు పోయాయి. ఏ ఊరిది?" అన్నాడు టికెట్ల గుమస్తా.

మెకానిక్ ఆ మాట ముసలాయన్ని అడగనే లేదు. అడగనిస్తేగా అతని నోరు.

సాయంత్రం నర్సమ్మ నవ్వుతూ కారు తీసుకెళ్లింది. ఆ వెనకే భార్య వ్యాను ఆపి షెడ్డులోకి వచ్చింది. బల్ల మీద చెక్క ముక్క చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"నర్సమ్మ ఎర్ర కారులో. ఎవరో పెడల్ కింద బిగించారు."

"ఎరుపేమిటి? నేను నేర్చుకున్నప్పుడు నీలం."

ఆమె చెక్కని తిరగేసింది. వెనకవైపు చెరిగిపోతున్న పెన్సిలు రాత: నేర్చుకునే కాలికి ఇంత చాలు.

"నా కాలు రోజూ దీనికే తగిలేది," అంది. "ఎంత భయపడి తొక్కినా బండి దూకేది కాదు. నాలుగుసార్లు టెస్టు పోయినా ఒక్క మాట గట్టిగా అనలేదు. ఇంతకీ ఇది పెడల్ కింద ఉందని మీకెవరు చెప్పారు?"

మెకానిక్ చేతిలోని స్పానర్ పక్కన పెట్టాడు.

"మీ మాస్టారే వచ్చి చెప్పారు," అన్నాడు, ఆమె ఎప్పుడూ విననంత మెల్లగా, "నేనే అరిచి పంపేశాను."