గొంతు పెరిగితే

"నా జల్లెడ పట్టుకెళ్ళి నాదేనంటావేటే! సిగ్గునేదా నీకు?"

అచ్చియమ్మ కేకకి రైలు పట్టాల కింద సబ్‌వే అంతా మారుమోగింది. ఎదురుగా జయలక్ష్మి కొంగు నడుముకి బిగించింది.

"నీ జల్లెడ ఎవుడికి కావాలే? అన్నీ కన్నాలే!"

"జల్లెడకి కన్నాలుండక ఏటుంటాయే?"

వాళ్ళ పక్కనే స్మార్ట్ సిటీ వాళ్ళు పాతిన స్తంభం ఉంది. దానికో కెమెరా, కెమెరా కింద చిన్న మైకు. ఆ దారిలో ఎవరైనా గట్టిగా అరిస్తే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. దగ్గర్లో ఉన్న పోలీసు బండి పరుగెత్తుకు రావాలి.

వచ్చింది. దాని లైటు చూడగానే గోడ మీద కూర్చుని దారినపోయే ఆడపిల్లల్ని చూసి ఈలలు వేస్తున్న కుర్రాళ్ళు బైకులు తీసి జారుకున్నారు. జారుకోవడానికి వీల్లేనివాడు కానిస్టేబుల్ రమణబాబు ఒక్కడే.

అతను పుట్టి పెరిగింది ఇక్కడి రైల్వే క్వార్టర్‌లోనే. ఈ హిందీ ఊరి ఠాణాలో తెలుగు తెలిసింది అతనొక్కడికే కనక, ఈ గొడవ అతని మెడకి చుట్టుకుంది. "నీ భాషవాళ్ళే కదా, నువ్వే చూసుకో. ఇంకోసారి ఊరికే అలారం మోగిందంటే నిన్ను బిల్హా ఠాణాకి బదిలీ చేసేస్తాను" అని పొద్దున్నే పెద్దసారు చెప్పేశాడు. రమణబాబు భార్య ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఈ ఊళ్ళోని సర్కండాలోనే.

"అరే పిన్నీ, మళ్ళీనా! మొన్న కుళాయి, నిన్న రుబ్బురోలు. ఇవాళేటి?"

"జల్లెడ!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఇంట్లో దెబ్బలాడుకోండి, ఎవరొద్దన్నారు? ఇక్కడ మాట్లాడితే మీ ఇంటి గుట్టంతా కంట్రోల్ రూమ్‌లో వినబడుతుంది. పరువుండొద్దూ?"

"ఆళ్ళకి తెలుగొచ్చేటి?" అంది జయలక్ష్మి.

"రాదు. అందుకే మీరు చంపుకుంటున్నారనుకుంటున్నారు."

అచ్చియమ్మ తలెత్తి మైకు వైపు చూసింది. "అన్ని మాటలూ పట్టీసుకుంటాదా బాబూ అది?"

"గొంతు పెరిగితేనే. మెల్లగా మాట్లాడితే దానికి పట్టదు."

"అచ్ఛా. మెల్లగా ఏడిస్తే ఎవరూ రారన్నమాట."

"నువ్వెప్పుడు మెల్లగా ఏడ్చావు పిన్నీ?" రమణబాబు చేతులు జోడించాడు. "మీకు దండం పెడతాను, ఇంక ఆపండి. నన్ను బిల్హా పంపేస్తారు."

"బిల్హాలో బియ్యం బాగుంటాయి" అంది జయలక్ష్మి.

రమణబాబుకి ఒళ్ళు మండింది. "కేసు రాస్తాను. ఇద్దర్నీ ఠాణాలో కూర్చోబెడతాను!"

"కూకోబెట్టు. నా జల్లెడేదని అక్కడా అడుగుతాను" అంది అచ్చియమ్మ.

"అయితే రేపూ వస్తావన్నమాట?"

"ఇది జల్లెడిచ్చీవరకూ రోజూ ఇక్కడికే వస్తాను. ఏటి సేస్తావో సెయ్యి."

రమణబాబు పక్కకెళ్ళి పెద్దసారుకి ఫోన్ చేశాడు. కేసు పెట్టినా వీళ్ళు ఆగే మనుషులు కారని చెప్పాడు. అలారం మోగాక రావడం కంటే ముందే వచ్చి నిలబడితే అసలు మోగదు కదా సార్, అన్నాడు. అవతల కాసేపు తిట్లు వినిపించాయి. ఆ తర్వాత "ఠీక్ హై" వినిపించింది.

అతను ఛాతీ విరుచుకుని తిరిగొచ్చాడు.

"వినండి. రేపట్నుంచి దీపాలు పెట్టే వేళకి మా బండి ఇక్కడుంటుంది. దారిలో జనం పల్చబడేదాకా కదలదు. నా కళ్ళముందు ఎలా అరుస్తారో చూస్తాను."

ఆడవాళ్ళిద్దరి మొహాలూ వాడిపోయాయి.

"రోజూనా?" అంది జయలక్ష్మి.

"రోజూ!"

"ఆదివారమైనా వదలవా?"

"ఆదివారం కూడా! బస్, అయిపోయింది మీ దెబ్బలాట."

"మనోడివనుకున్నాం. మనోడివే మా మీద కాపలా పెట్టినావు" అని అచ్చియమ్మ ముక్కు చీదింది.

బిల్హా గండం గడిచిందనుకుంటూ రమణబాబు హుషారుగా బండెక్కాడు. బండి మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. అప్పుడు అచ్చియమ్మ జయలక్ష్మి చెవి దగ్గరికి వంగింది.

"వదినా, రేపట్నుంచి ఆడపిల్లల్ని మళ్ళీ ట్యూషన్‌కి పంపుదాం."